రిమార్కుల గడి

కరపత్రం మీది నీలం
ఈ సముద్రానిది కాదని నాకు ముందే తెలుసు.
మండల సర్వేయర్ని, రంగు చూసి మట్టి చెప్పగలను.
అండమాన్ టికెట్టు ధర చూసి
మూడు రోజులకి సెలవు చీటీ రాసి
భైరవపాలెం దారి పట్టాను.

ఓలేటి నూకరాజుకి ఇరవై ఆరేళ్లు.
విద్య అండమాన్‌లో నేర్చుకొచ్చాడు.
నాలుగు సిలిండర్లు, బాబాయి పడవ, మిగతాది అప్పు.
"కళ్లద్దంలో ఉమ్మండి మేడం" అన్నాడు.
ఉద్యోగంలో చేరాక నాతో ఎవరూ అనని మాట.
ఉమ్మాను. వేలితో రుద్ది కడిగాను.

మొదటి రోజు నాలుగు మీటర్లు.
చెవుల్ని ఎవరో లోపలికి నొక్కుతున్నారు.
ముక్కు మూసుకుని ఊదితే
టప్పున గడియ ఊడింది,
నా ఊపిరి నాకే కొలిమితిత్తిలా వినపడింది.
ఎలా ఉందని సైగ చేశాడు.
భలే ఉందని బొటనవేలు పైకెత్తాను.
అంతే, రెక్క పట్టుకుని గట్టెక్కించేశాడు.
"ఆయ్, బొటనవేలంటే పైకెళ్లిపోదామని అండి."
మొత్తం నాలుగు నిమిషాలు.
మెచ్చుకోవడం కూడా
ఒకటి నుంచి నేర్చుకోవాలి నీళ్లకింద.

రెండో రోజు ఇంకా లోపలికి పోయాం.
నీరు లేత కొబ్బరాకు రంగుకి తిరిగింది.
తూకం కుదరక
నానిన మినపప్పు మీద పొట్టులా
తేలుతూ మునుగుతూ ఉన్నాను.
నడుముకి సీసం దిమ్మలున్నాయి గానీ
గట్లెంట గొలుసు లాగి లాగి అరిగిన మోకాళ్లు
తమకేమీ తెలియనట్టు ఊరుకున్నాయి.
ఒక పీత నన్ను చూసి
తన ఇసకలోకి తను వెళ్లిపోయింది.
హద్దు తగాదా లేదు.

మూడో రోజు ఎగువన వానలట,
ఎర్రనీరు దిగింది.
"ఏం కనపడదు మేడం, డబ్బులు తిరిగిచ్చేస్తా."
దిగుదామన్నాను.
ఇద్దరి నడుములకీ ఒకటే తాడు.
తొమ్మిది మీటర్ల దగ్గర
నా చెయ్యి నాకు లేదు.
గాలి ముల్లు మాత్రం చిన్న మిణుగురులా నూట పది చూపిస్తోంది.
చుట్టూ ఎక్కడో గొరకలు గొణుగుతున్నాయి.
వాళ్ల తాత తెడ్డు నీళ్లలో పెట్టి
కామకి చెవి ఆనించి వినేవాడట వాటిని,
పొద్దున చెప్పాడు నూకరాజు, నేను నమ్మలేదు.

అప్పుడు తగిలింది అడుగు.
మోచేతి దాకా దిగిపోయింది చెయ్యి,
రుబ్బిన పిండంత మెత్తన.
ఈ మట్టి నాకు తెలుసు.

నిరుడు లంకలో
గుబ్బల మాణిక్యం చేలో గొలుసు వేస్తే
రెండో కొస పట్టుకునే మనిషికి
నిలబడ్డానికి నేల లేదు.
వంగతోట, బోరు పైపు,
కాపుకొచ్చిన రెండు కొబ్బరి చెట్లు,
ఎకరం ఇరవై సెంట్లు.
"ఎక్కడికి పోయిందో కూడా రాయండమ్మా" అంది.
ఆ గడి మా ఫారంలో ఉండదు.
రిమార్కుల్లో రాశాను:
ఏటి కోతలో పోయినది.
సంతకం, ముద్ర.
పాసుపుస్తకం చీరకొంగులో చుట్టుకుని
ఆమె ఇంకా నిలబడే ఉంది, ఇంకేమైనా రాస్తానేమోనని.

ఊపిరి పీలుస్తూ అక్కడే ఉన్నాను.
గుప్పెట మూస్తే మట్టి నిలవలేదు,
వేళ్ల సందుల్లోంచి తన దారిన తాను పోయింది.
తాడు రెండుసార్లు లాగాడు.
ఈసారి బొటనవేలు అతనిది,
చీకట్లో నా అరచేతిలో పెట్టి పైకి నొక్కాడు.

పడవలో టీ తాగాక
నూకరాజు ఒక పుస్తకం ఇచ్చాడు.
లోతు, సమయం, మిగిలిన గాలి,
నీటిలో చూపు ఎంత దూరం.
చివర, మా ఆఫీసులో లాగే, రిమార్కులు.
చూపు దగ్గర సున్నా వేశాను.
చివరి గడిలో
తడి వేళ్లతో, పెన్ను జారుతుంటే:
సర్వే నంబరు నూట పన్నెండు బై మూడు,
గుబ్బల మాణిక్యం,
ఎకరం ఇరవై సెంట్లు, ఇక్కడ ఉంది.
కాసేపు చూసి
'ఉంది' కొట్టేసి 'ఉండవచ్చు' అని రాశాను.

నూకరాజు చదివి తల గోక్కున్నాడు.
"చేపలేవీ రాయలేదేంటి మేడం?"
చూడలేదు, విన్నాను అన్నాను.
అది కూడా రాయమన్నాడు.
గడిలో చోటు లేదు.